ఆరాం అయ్యేదాకా

జమాల్ బీకి ఉన్న చెడ్డగుణం ఒక్కటే. ఏదీ తనకోసం పూర్తిగా వాడుకోదు. రొట్టె చేసుకుంటే సగం తుంచి మూకుడు కింద దాస్తుంది, ఎవరైనా ఆకలితో వస్తారేమోనని. తలకు రాసుకునే నూనె అరచేతిలో పోసుకుని మళ్లీ సగం సీసాలోకి వంచుతుంది. ఇబ్రహీంపట్నంలో ఆమెను మంచి మనిషి అననివాళ్లు లేరు. ఈదమ్మ మాత్రం ఆ మంచితనాన్ని పాతికేళ్లుగా దగ్గర నుంచి చూస్తున్నది కాబట్టి, దాన్ని చెడ్డగుణం అనే అనేది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదని చివరికి మీరే ఒప్పుకుంటారు.

జమాల్ బీ ఊరికి మంత్రసాని, అందరి నోటా దాయమ్మ. పెద్దచెరువు కింద బెస్తవాడలో ఆమె చేతుల్లోకి జారని పిల్లలు లేరు. ఈదమ్మ కొడుకు చెన్నయ్య కడుపులో అడ్డం తిరిగి రెండు రోజులు సతాయిస్తే, పొట్ట మీద చేయి వేసి నిమిరి నిమిరి తల కిందికి తెచ్చింది ఆమే. ఆ రెండు రోజులూ ఆమె నోట ఒక్కటే మాట. "ముక్కు బిడ్డా, ముక్కు. అయిపోయింది, ఇంకొక్కసారి." ఆ ఇంకొక్కసారి యాభైసార్లు వచ్చిందని ఈదమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పినా, తోడబుట్టినవాళ్లెవరూ లేని ఈదమ్మకు అక్క అంటే ఆమే.

ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జమాల్ బీ అల్లుడు షఫీక్ పట్నం నుంచి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అతను మిలట్రీ సామాన్ల గోదాములో హమాలీ. మిగిలిన సామాన్లు వేలం వేస్తే కొన్నానన్నాడు. ఈదమ్మ నమ్మలేదు, అడగనూ లేదు. డబ్బా నిండా తెల్లటి గోలీలు, ఒక్కోదానికి నడిమధ్య గీత.

"ఒంటికి పోతే మంటయితది గద అమ్మీ, గా బీమారికి మస్తు దవా ఇది" అన్నాడు షఫీక్. "గోదాము కంపౌండర్ చెప్పిండు. ఆరాం అయ్యేదాకా ఏస్కోవాలంట."

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆరాం అన్న మాట మా దిక్కున రెండు పనులు చేస్తుంది. జబ్బు వేళ్లతో సహా పోయినా ఆరామే, నొప్పి కాసేపు ఊరుకున్నా ఆరామే. కంపౌండర్ ఏ ఆరాం అన్నాడో షఫీక్ అడగలేదు. షఫీక్ చెప్పింది జమాల్ బీ తన గుణానికి తగ్గట్టు అర్థం చేసుకుంది. మంట చల్లబడితే ఆరాం. ఆపైన వేసుకునే ప్రతి గోలీ దుబారా, ఇంకో ఆడదాని నోటికాడిది లాక్కోవడం.

నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చేసరికి ఆ డబ్బాకు గిరాకీ పెరిగింది. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లు అడవి దిక్కు నుంచి ఊళ్లోకి దిగకుండా చెరువు కట్ట మీద రజాకార్లు తుపాకులు పెట్టుకుని కూర్చునేవాళ్లు. కట్ట వెనక తుమ్మచెట్ల చాటే బెస్తవాడ ఆడవాళ్లకు మరుగు. తుపాకీకి ఎదురుగా ఎవరు కూర్చుంటారు? చీకటి పడేదాకా బిగబట్టుకోవటమే. బిగబట్టుకోవాలంటే నీళ్లు తాగకూడదు. పొద్దున ముంతెడు, మాపటికి ముంతెడు. అంత పెద్ద చెరువును పక్కన పెట్టుకుని నాలుక పిడచకట్టుకుపోయి తిరిగారు ఆ నాలుగు నెలలూ. ఒకరి తర్వాత ఒకరికి ఉచ్చలో మంటలు మొదలయ్యాయి. వేడి చేసిందనుకుని పల్లేరుకాయల కషాయం కాచుకు తాగారు. దానికి లొంగనివాళ్లు జమాల్ బీ గడప తొక్కారు.

ఆమె ఒక్కొక్కరికి ఆరు గోలీలు ఇచ్చేది. రెండోదానికో మూడోదానికో మంట చల్లబడేది. "ఆరాం అయిందా? ఇంక ఏస్కోకు. దాచు, మల్ల పనికొస్తది" అనేది. లెవీ ధాన్యం వసూలువాళ్లకు దొరక్కుండా జొన్నలు గోడల్లో దాచుకోవటం నేర్చిన ఆడవాళ్లకు దాచటం ఒకరు చెప్పాలా? కొంగు ముడిలో, చూరులో, పసుపు డబ్బాలో దాచారు. ఈదమ్మ కూడా మూడు వేసుకుని మూడు దాచింది. జమాల్ బీకే ఆ ఎండాకాలం అయిదారుసార్లు మంట వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రెండు గోలీలు మింగేది, ఆపేసేది. మళ్లీ వచ్చేది. రెండు సరిపోయేచోట తర్వాత నాలుగు కావలసి వచ్చాయి. మందు పాతబడుతోంది కాబోలు అనుకుంది.

సెప్టెంబరులో యూనియన్ మిలట్రీ వచ్చింది. రజాకార్లు రాత్రికి రాత్రి చొక్కాలు విప్పి పారిపోయారు. వాడలో జనం డప్పులు కొట్టారు. ఈదమ్మ కూడా సంతోషపడింది. సంఘంలోకి వెళ్లిన చెన్నయ్య ఇంక ఇంటికి వస్తాడనుకుంది. అతను రాలేదు. మిలట్రీ ఇప్పుడు సంఘపోళ్లను వెతుకుతోందని తెలిసింది. మూడో రోజు ఎక్కడెక్కడి మనుషులో కర్రలు, గొడ్డళ్లు పట్టుకుని వచ్చి తురకల ఇళ్లు అడగసాగారు. రజాకార్లు చేసినదానికి లెక్క తీర్చటానికి వచ్చారట. ఏ రజాకారూ ఇంట్లో లేడు. ఇంట్లో ఉన్నది ముసలివాళ్లూ ఆడవాళ్లూ.

ఈదమ్మ వెళ్లి జమాల్ బీ చేయి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. షఫీక్ ఎండాకాలంలోనే భార్య రాబియాను తీసుకుని బీదరు దిక్కు తన ఊరికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి కబురు లేదు. అడిగే మనిషి లేని ముసలామెను ఈదమ్మ తన ఇంటి వెనక వలల కొట్టులో పెట్టి, తడక అడ్డం వేసి, తడకకు పాత వలలు ఆరేసింది. ఆ సాయంత్రమే జమాల్ బీ ఇల్లు విరగ్గొట్టారు. రేకు డబ్బా ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు.

వాడంతటికీ తెలుసు ఆమె ఎక్కడుందో. ఒక్కరు నోరు విప్పలేదు. ఆ ఒక్క సంగతికి ఈదమ్మకు ఈనాటికీ తన వాడంటే గర్వం.

కొట్టులో ఒక మూల ఈదమ్మ కుండ పెట్టింది. "బైటికి రాకు. గీండ్లనే పో. నేను ఎత్తిపోస్త" అంది.

జమాల్ బీ ముఖం ముడుచుకుంది. "నీతోని ఎత్తిపోయిస్తనా?"

"నువ్వు మా అందరివి ఎత్తలేదానే?"

"గది నా పని. ఇది నీ పని గాదు."

అక్కడితో మాట ఆగింది కానీ పట్టు ఆగలేదు. ముప్పై ఏళ్లు ఊరి పురుళ్ల మలినమంతా కడిగిన మనిషి, తన కుండ ఇంకొకరు మోయటం ఓర్చుకోలేకపోయింది. నీళ్లు తాగటం మానేసింది. ఈదమ్మ ముంత నింపి పెడితే, ఆమె అటు తిరగగానే వలల మీద వంచేది. తడి వలల కొట్టులో ఆ తడి ఎవరికి తెలుస్తుంది?

పదో రోజు ఈదమ్మ అంబలి తీసుకుని వెళ్లేసరికి జమాల్ బీ వలలన్నీ ఒంటి మీద కప్పుకుని వణుకుతోంది. ఒళ్లు కాలిపోతోంది. నడుం మీద కుడివైపు చేయి ఆనిస్తే కెవ్వున అరిచింది. కుండలో చారెడు కూడా లేదు, ఉన్నది కుడితిలా ఉంది.

"ఎన్నాళ్లయిందే మంట?"

"నాలుగొద్దులు."

"చెప్పకపోతివి!"

"చెప్తె నువ్వేం జేస్తవ్? డబ్బ పాయె గద."

ఈదమ్మకు కోపం నషాళానికి అంటింది. తిట్టాల్సినవన్నీ తిట్టి, కొంగు దోపుకుని వాడలోకి వెళ్లింది. ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంటి ముందు నిలబడ్డా పెద్దగా చెప్పనక్కర లేకపోయింది. "దాయమ్మకు" అంటే చాలు, కొంగు ముళ్లు విప్పారు. చూరులో చేతులు పెట్టారు. కాశయ్య పెండ్లాం జంగమ్మ పసుపు డబ్బా బోర్లించింది, పచ్చగా మారిన రెండు గోలీలు దొర్లాయి. తమకు మళ్లీ మంట వస్తే ఏం చేయాలో ఒక్క ఆడదీ అడగలేదు. ఇంటికి వచ్చేసరికి ఈదమ్మ కొంగులో ఇరవై మూడు గోలీలు ఉన్నాయి. వాటిని చూసి జమాల్ బీ ఏడ్చింది. ఈదమ్మకూ ఏడుపొచ్చింది కానీ అప్పుడు ఏడిస్తే తిట్లకు విలువుండదని ఆపుకుంది.

మూడు పూటలా రెండేసి చొప్పున తినిపించింది. ఈసారి ముంత పట్టుకుని ఎదురుగా కూర్చుని నీళ్లు గొంతు దిగేదాకా చూసింది. ఒక రోజు గడిచింది. రెండో రోజు గడిచింది. ఆరాం కాలేదు. మూడో రోజు వణుకు ఇంకా పెరిగింది. నాలుగో రోజు కుండలో నెత్తురు చార కనిపించింది. ఇరవై మూడు గోలీల్లో ఒక్కటీ మిగల్లేదు, జబ్బు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

ఈదమ్మకు అప్పుడు భయం వేసింది. నిన్నటిదాకా ఆమె భయం బయటి మనుషుల గురించి. ఇప్పుడు, ఎవరూ రాకుండానే, తను దాచిన చోటనే అక్క చచ్చిపోతుందని తెలిసింది.

"పట్నం దవాఖానకు తీస్కపోదాం" అంది మొగుడితో.

బుగ్గయ్య అప్పుడే చెరువు నుంచి వచ్చి తల తుడుచుకుంటున్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "మన్నెగూడ కాడ మిలట్రీ ఉన్నది. ఆమెను అడుగుతరు. నిన్ను అడిగితె చెన్నయ్య సంగతి అడుగుతరు."

"అడగనీ."

"కోడలు ఆరునెలల కడుపుతోని ఉన్నది. మనిద్దర్ని పట్కపోతె?"

"మరి ఈడ్నే సావనిద్దామా?"

బుగ్గయ్య తల తుడుచుకోవటం ఆపాడు. కొట్టు దిక్కు చూశాడు. లోపలి నుంచి జమాల్ బీ మూలుగు వినిపించింది. "మూడొద్దులకోపాలి చేపలు ఏస్కొని పట్నం పోతనే ఉన్న గద" అన్నాడు చివరికి. "తెల్లారి బండి కడ్త. వదినెను గంపల నడుమ పండుకోబెట్టు."

తెల్లవారుతుండగా బయలుదేరారు. బాలనర్సమ్మను, అదే కోడలిని, జంగమ్మ ఇంట్లో ఉంచారు. బండిలో చేపల గంపల మధ్య జమాల్ బీ మీద గొంగడి కప్పి, గొంగడి మీద తడి గోనె పరిచారు. చచ్చినట్టు నోరు మూసుకుని ఉండమని ఈదమ్మ వందసార్లు చెప్పింది. జ్వరంలో ఉన్న మనిషికి అది ఏం వినబడిందో ఆ దేవుడికే తెలియాలి.

మన్నెగూడ దగ్గర రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఉంది. ఇద్దరు సిపాయిలు వచ్చారు. ఒకడు గంపలో చేపలను తుపాకీ కొనతో కదిపి ముక్కు మూసుకున్నాడు. రెండోవాడు నల్లగా, గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. గొంగడి కదలటం చూశాడు.

"ఎవరది?" అన్నాడు. తెలుగే, మద్రాసు దిక్కు తెలుగు.

ఈదమ్మ గోనె అంచు కిందికి లాగింది. ఏ అబద్ధం చెప్పాలో ఒక్కటీ తట్టలేదు. అంతలో గొంగడి కింద నుంచి, చచ్చినా మూయాల్సిన ఆ నోరు తెరుచుకుంది. జ్వరపు మత్తులో జమాల్ బీ ఎవరి పురుడో పోస్తోంది. మూలుగుతూనే స్పష్టంగా అంది: "ముక్కు బిడ్డా, ముక్కు. అయిపోయింది, ఇంకొక్కసారి."

సిపాయి రెండడుగులు వెనక్కి వేశాడు. చూపు పక్కకు తిప్పుకున్నాడు. "పురుడా అమ్మా?"

"అవ్" అంది ఈదమ్మ.

"మరి నిలబడతారేమండీ! తొందరగా తోలండి. బాబూ, మొద్దు తీయ్!" అని తోటివాణ్ని కేకేశాడు.

అరమైలు దాటాక ఈదమ్మకు నవ్వు వచ్చింది. అరవై ఏళ్ల ముసలిదానికి పురుడు. నవ్వుతూనే ఏడ్చింది. బుగ్గయ్య వెనక్కి తిరగకుండా, "మల్ల ఎప్పుడన్న బతికితె వదినెకు గీ ముచ్చట చెప్పాలె" అన్నాడు.

పట్నం దవాఖానలో డాక్టరమ్మ సన్నగా, కళ్లద్దాలతో, తొందరలో ఉంది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. మాట అందించే నర్సు సుసన్న మెదక్ దిక్కు మనిషి, మాట మనదే. జమాల్ బీ నడుం తట్టి, ఉచ్చ సీసాలో పట్టి అద్దాల గొట్టం కింద పెట్టి చూశాక డాక్టరమ్మ ఏదో అడిగింది.

"ఇంతకు ముందుగాల ఏమన్న గోలీలు ఏస్కున్నదా?" అంది సుసన్న.

ఈదమ్మకు షఫీక్ గుర్తొచ్చాడు. మిలట్రీ గోదాము గుర్తొచ్చింది. బయట రోడ్డంతా మిలట్రీ. "లేదమ్మా. ఏం ఏస్కోలే" అంది.

డాక్టరమ్మ చీటీ రాసి పక్క మంచం దగ్గరకు వెళ్లిపోయింది. సుసన్న లోపలికి వెళ్లి గ్లాసులో నీళ్లు, అరచేతిలో గోలీలు పట్టుకుని వచ్చింది. తెల్లటి గోలీలు. నడిమధ్య గీత.

ఈదమ్మ ఆ గీతను చూసింది. జమాల్ బీ ఎండిపోయిన పెదవులు చూసింది. చెబితే షఫీక్ ఏమవుతాడో. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది. ఈదమ్మ చేయి చాపి సుసన్న మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"గివి పని చెయ్యయి బిడ్డా. ఇరవై మూడు తిన్నది. అంతకు ముందుగాల గూడ తిన్నది. నేను అబద్ధమాడిన."

సుసన్న అరిచి డాక్టరమ్మను పిలిచింది. ఈదమ్మ అంతా చెప్పేసింది. డబ్బా, కట్ట మీది తుపాకులు, రెండేసి గోలీలు, ఆరాం, దాచటం, మళ్లీ రావటం. డబ్బా ఎక్కడిదని అడుగుతారని బిగుసుకుని నిలబడింది. డాక్టరమ్మ అది అడగనే లేదు. ఎన్నిసార్లు, ఎన్నెన్ని, ఎప్పుడు ఆపింది అనే అడిగింది. వింటున్నకొద్దీ ఆమె ముఖం దిగులుపడింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. సుసన్న దాన్ని మన మాటలోకి తెచ్చింది.

"కంటికి కనిపియ్యని పురుగులుంటయమ్మా లోపల. గోలీ ఏస్తె ముందుగాల బలం లేనియి చస్తయి. మంట తగ్గుతది. మొండియి ఇంక మిగిలే ఉంటయి. గప్పుడే మీరు బంద్ పెడ్తిరి. ఇగ మిగిలిన మొండియే పిల్లలు పెట్టినయి. ప్రతిపాలి గట్లనే. ఇప్పుడు ఆమె లోపలున్నయన్ని గా గోలీని ఖాతరు చెయ్యనియే."

ఈదమ్మ బెస్తవాడ మనిషి. ఆమెకు రెండోసారి చెప్పనక్కర లేకపోయింది. వల లాగుతుంటే దుంకే చేపలు అంచు దాటి పోతాయి. సోమరివి దొరుకుతాయి. ప్రతిసారీ సగం లాగి ఒడ్డుకు వచ్చేస్తే, కొన్నాళ్లకు చెరువులో మిగిలేవన్నీ దుంకే చేపలే.

"అయితే ఆరాం అంటే మంట పోవుడు గాదా?" అంది.

"మంట పోవుడు గాదు. పురుగు పోవుడు. చెప్పినన్ని రోజులు తినాలె, ఆరాం అయినంక గూడ తినాలె."

ఈదమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? వాడ ఆడవాళ్లు కొంగులు విప్పి ఇచ్చారు. జమాల్ బీ తన నోరు కట్టుకుని వాళ్లకు పెట్టింది. ఆ మంచితనమంతా కలిసి మందును చంపేసింది. ఆమెకు చాలా బాధేసింది. ఆ బాధకు తిట్టటానికి కూడా ఒక మనిషి దొరకలేదు.

డాక్టరమ్మ కొత్త సూదిమందు తెప్పించింది. అది దవాఖానలో కొంచెమే ఉందని, దీనికి కూడా పురుగు మొండికేస్తే తన దగ్గర ఇంకొకటి లేదని చెప్పింది. సూదులు ఆరు రోజులు. ఆ తర్వాత వేరే రకం గోలీలు పద్నాలుగు రోజులు. ఒక్క పూట తప్పకూడదు.

మొదటి రెండు రోజులూ ఈదమ్మ మంచం కోడు వదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం జమాల్ బీ నుదుటి మీద చెమట పట్టింది. కళ్లు తెరిచి, "చేపల వాసనేందే?" అంది. ఈదమ్మ ఆమె చేయి తన చెంపకు ఆనించుకుని, "నీ పురుడు నేను పోసిన, ఎరికేనా?" అని మన్నెగూడ ముచ్చట చెప్పింది. ఇద్దరూ నవ్విన నవ్వుకు సుసన్న వచ్చి కసిరింది.

సూదులు అయిపోయాయి. గోలీలు మొదలయ్యాయి. కుండ ఈదమ్మే ఎత్తిపోసింది, జమాల్ బీ ఏమీ అనలేదు. గోలీల నాలుగో రోజు బుగ్గయ్య చేపలు అమ్మి దవాఖాన వరండాలోకి వచ్చాడు. ముఖం బాగా లేదు.

"కోడలికి మంట మొదలైంది" అన్నాడు. "మూడొద్దులాయె. నీళ్లు తాగమంటె తాగుతలేదు. దవాఖానకు రమ్మంటె మిలట్రీకి జడుస్తున్నది. చెన్నయ్య ఏడున్నడని అడుగుతరని."

ఆరునెలల కడుపు. చెన్నయ్య ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో. అతని గుర్తు ఆ కడుపులోనే ఉంది.

జమాల్ బీ అప్పటికే దిండు కింద చేయి పెట్టింది. గోలీల పొట్లం తీసింది. "సగం తీస్కపో బుగ్గయ్యా. నాకు ఆరాం అయింది. మంట లేదు, జరం లేదు. నాకెందుకు ఇన్ని?"

ఈదమ్మ చేయి పొట్లం మీదకు వెళ్లింది. అబద్ధమెందుకు, వెళ్లింది. ఆ క్షణంలో ఆమెకు దుంకే చేపలూ గుర్తు రాలేదు, డాక్టరమ్మ మాటా గుర్తు రాలేదు. కోడలే గుర్తొచ్చింది. వేళ్లు కాగితాన్ని పట్టుకున్నాయి కూడా. అప్పుడు జమాల్ బీ అంది: "తీస్కోవే. ఆమెకు ఆరాం అయితె చాలు."

ఆ మాట వినగానే ఈదమ్మ చేయి ఆగిపోయింది. ఆ మాటే వాడంతా తిరిగింది. ఆ మాటే జమాల్ బీని ఈ మంచం దాకా తెచ్చింది. ఇప్పుడు అదే మాట తన మనవడి దాకా పోతుంది. సగం గోలీలకు ఇక్కడ ఈమె జబ్బు పోదు, అక్కడ ఆమె జబ్బు పోదు. ఇద్దరూ పోతారు.

పొట్లం మళ్లీ దిండు కింద పెట్టింది.

"బండి మల్పు" అంది మొగుడితో. "పోరిని గంపల నడుమ పండుకోబెట్టుకొని తీస్కరా. మన్నెగూడ కాడ అడిగితె పురుడని చెప్పు. ఈపాలి సగం నిజమే గద. జడుస్తె జడవనీ, ఎత్తుకొని బండ్లెయ్యి."

బుగ్గయ్య ఆమె ముఖం చూసి బండి దిక్కు నడిచాడు.

మర్నాడు పొద్దున గోలీ వేళకు ఈదమ్మ గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. జమాల్ బీ గోలీ నోట్లో వేసుకుంది, నీళ్లు గటగటా తాగింది, మూతి తుడుచుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంది. మరీ బుద్ధిమంతురాలిలా కూర్చుంది. పాతికేళ్లు చూసిన ముఖం అది.

"నోరు తెరువు" అంది ఈదమ్మ.

"ఎందుకే?"

"తెరువు."

జమాల్ బీ కొంచెం తెరిచింది.

"నాలుక లేపు."

లేపలేదు. ఈదమ్మ గడ్డం పట్టుకుని చూసింది. నాలుక కింద తెల్లగా, అంచు తడిసి, గోలీ అలాగే ఉంది. దిండు పక్క కుట్టు విప్పితే దూదిలో ఇంకో రెండు.

"పోరి బండ్లె వస్తున్నది గద" అంది జమాల్ బీ, దొంగతనం దొరికిన పిల్లలాగా. కళ్ల నిండా నీళ్లు. "ఈడ మందు తక్కువున్నదన్నరు. ఆమెకు అందకపోతె ఎట్లనే? చెన్నిగాన్ని నేనే గద తీసిన. వాని బిడ్డను గూడ నేనే తియ్యాలె గద."

ఈదమ్మకు ఆమెను కొట్టాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలనిపించింది. రెండూ చేయకుండా మంచం మీద కూర్చుని, ఒక చేయి ఆమె వీపు వెనక్కి పోనిచ్చి, ఇంకో చేత్తో గ్లాసు పెదవులకు ఆనించింది. పాతికేళ్ల కిందట ఆమె తనను పట్టుకున్నట్టే పట్టుకుంది.

"తీద్దువు తియ్యి. తియ్యాలంటె నువ్వు ఉండాలె గద" అంది. "మింగు బిడ్డా, మింగు. అయిపోయింది, ఇంకొక్కసారి."

జమాల్ బీ ఏడుస్తూనే మింగింది. ఈదమ్మ నాలుక ఎత్తించి మళ్లీ చూసింది.